ప్లేటులో నెగ్గి, రసిలో ఓడిన వెండి గుడ్డ: ఒక కేస్ స్టడీ

ఈ కేసులో మిల్లు పేరు, ఊరు, ఆసుపత్రి ఏవీ చెప్పను. గుర్తుపట్టేలా ఉన్న వివరాలు తీసేశాను, కొన్నిచోట్ల నెలలు అటూ ఇటూ జరిపాను. మిగతాది జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. పుండు కట్టుకు పనికొచ్చే పీచు తయారుచేయాలని ఇప్పుడు చాలామంది కుర్రాళ్లు దిగుతున్నారు. మేం ఏడాదిన్నర ఎక్కడ పోగొట్టుకున్నామో తెలిస్తే వాళ్లకు కనీసం ఆర్నెల్లయినా మిగులుతుంది.

మిల్లు, అడిగిన పని

కోస్తాలో ఒక చిన్న మిల్లు. గాజుగుడ్డ, బ్యాండేజీ చుట్టలు చేసి ఆసుపత్రులకు వేస్తారు. మగ్గాల షెడ్డు, గుడ్డ ఉడికించి తెల్లబరిచే కియర్లు, గుడ్డను ద్రావణంలో ముంచి పిండే ఒక ప్యాడింగ్ మ్యాంగిల్, సాగదీసి ఆరబెట్టే ఒక స్టెంటర్. గాజుగుడ్డలో లాభం పైసల్లో ఉంటుంది. టెండర్లో మీటరుకు పది పైసలు తగ్గించినవాడు ఆర్డరు పట్టుకుపోతాడు. ఆ పోటీ నుంచి బయటపడాలని యజమాని నా దగ్గరికొచ్చారు. నాది వస్త్ర రసాయనం, ఫినిషింగ్ పని. మెడికల్ టెక్స్‌టైల్స్ వైపు వచ్చి కొన్నేళ్లయింది.

"సార్, మన గుడ్డకే ఏదో ఒక మందు పూయండి. క్రిములు చావాలి. షుగర్ పుళ్లకు పనికిరావాలి. ఆర్నెల్లలో బయటికి రావాలి" అన్నారు. కాసేపాగి, "ఆ మందు మన రొయ్య పెంకులోంచి తీస్తే ఇంకా బాగుంటుంది. ప్రాసెసింగ్ ప్లాంట్ల దగ్గర పెంకు గుట్టలు పడి ఉంటోంది" అని కూడా అన్నారు. దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం కాబట్టి ఆ మాటలో తప్పేం లేదు. పెంకులోని కైటిన్‌ను గాఢమైన కాస్టిక్ సోడాలో ఉడికిస్తే కైటోసాన్ వస్తుంది. దానికి బ్యాక్టీరియాను చంపే గుణం ఉందని చెప్పే పరిశోధనలు కుప్పలుగా ఉన్నాయి.

నేను అక్కడే ఆగి ఒక్క ప్రశ్న అడగాల్సింది. ఇప్పుడు వాడుతున్న గాజుగుడ్డతో డ్రెస్సింగ్ రూములో వాళ్లకు వచ్చిన ఇబ్బంది ఏమిటి? అడగలేదు. ఉన్న యంత్రాలతో ఏం చేయొచ్చో ఆలోచించుకుంటూ ఇంటికెళ్లాను.

మొదటి దారి: వెండి పూత

మ్యాంగిల్, స్టెంటర్ ఉన్నాయి కాబట్టి పూతే సులువనిపించింది. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో గుడ్డను ముంచి, పిండి, నూలు మీదే వెండి నానో రేణువులు ఏర్పడేలా చేసి ఆరబెట్టాం. గుడ్డ పసుపునీళ్లలో ముంచినట్టు తేలింది. అంత సన్నటి వెండి రేణువులు నీలి వెలుతురును పీల్చుకుంటాయి కాబట్టి ఆ రంగు రావడం సహజమే.

ఏఏటీసీసీ 147 అనే ప్రామాణిక పద్ధతిలో పరీక్షించాం. అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) పోసిన ప్లేటు మీద బ్యాక్టీరియాను గీతలుగా గీసి, పైన గుడ్డముక్క పెట్టి, 37 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఉంచుతారు. తెల్లారేసరికి ముక్క చుట్టూ చక్కగా ఖాళీ వలయం కనబడింది. యజమాని ఆ ప్లేటు ఫోటోని వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నారు. నేనూ సంతోషపడ్డానని ఒప్పుకుంటాను.

ఆ వలయం చెప్పేది ఒకటే: గుడ్డలోంచి ఏదో బయటికి పాకి, అగార్‌లో అంత దూరం వెళ్లగలిగింది. పుండులో అది ఎన్ని రోజులు పనిచేస్తుందో, చర్మకణాలను ఏం చేస్తుందో వలయానికి తెలియదు. వలయం పెద్దదంటే గుడ్డలోని సరుకు త్వరగా ఖాళీ అయిపోతోందని కూడా అర్థం కావచ్చు.

ఆ అనుమానం మా ల్యాబ్‌లో మైక్రోబయాలజీ చూసే అమ్మాయికి ముందు వచ్చింది. "సార్, మనం వాడింది ముల్లర్ హింటన్ అగార్. దాన్లో విడిగా ఉప్పు కలపరు. పుండు రసిలో ఉప్పుంటుంది కదా?" అంది.

కాగితం తీసుకుని లెక్కేశాను. యూరప్ ప్రమాణం ఈఎన్ 13726లో పుండు రసికి బదులు వాడే ద్రావణంలో లీటరుకు 142 మిల్లీమోల్ సోడియం, 2.5 మిల్లీమోల్ కాల్షియం ఉంటాయి, రెండూ క్లోరైడ్లుగానే. అంటే క్లోరైడు 147 మిల్లీమోల్. సిల్వర్ క్లోరైడు నీళ్లలో దాదాపు కరగదు. ఎంత కరుగుతుందో చెప్పే అంకె, అంటే దాని ద్రావణీయతా లబ్ధం, 1.8×10⁻¹⁰. ఆ లెక్కన అంత ఉప్పులో స్వేచ్ఛగా తిరగగలిగే వెండి అయాన్లు లీటరుకు 0.13 మైక్రోగ్రాములు. క్లోరైడుతో జతకట్టిన సంక్లిష్ట రూపాల్లో ఇంకొంత వెండి కరిగి ఉంటుంది కాబట్టి పరిస్థితి మరీ ఇంత ఘోరంగా ఉండదు. కానీ రసిలో ప్రోటీన్లు కూడా ఉన్నాయి, వాటి గంధకపు చివరలు వెండిని గట్టిగా పట్టేసుకుంటాయి. ప్లేటులో మేం చూసిన వెండికీ పుండులో మిగిలే వెండికీ పోలికే లేదు.

మళ్లీ పరీక్షించాం. ఈసారి ఐఎస్ఓ 20743 తరహాలో లెక్కపెట్టే పద్ధతి. ద్రవంలో ఉప్పు, రసిలోలా ప్రోటీన్లుండాలని సగానికి సగం దూడ సీరం. మామూలు ద్రవంలో లక్షలో ఒకటి కూడా మిగల్చని గుడ్డ, సీరంలో పదింట తొమ్మిదిని కూడా చంపలేకపోయింది.

ఇక్కడ రెండు దారులున్నాయి: వెండి పెంచడం, లేదా పూతే తప్పని ఒప్పుకోవడం. మేం పెంచాం, ఎందుకంటే అదే తేలిక. మూడు రెట్లు పెంచితే సీరంలో కూడా పనిచేసింది. అయితే ఐఎస్ఓ 10993-5 కణ పరీక్షలో పడిపోయింది. గుడ్డను 37 డిగ్రీల దగ్గర 24 గంటలు నానబెట్టి, ఆ సారంలో ఎల్929 అనే ఎలుక కణాలను పెంచుతారు. బతికున్న కణాలు 70 శాతం కంటే తగ్గితే ఆ వస్తువు కణాలకు విషమని లెక్క. మాకు సగం కూడా మిగల్లేదు. తగ్గిస్తే కణాలు బతికేవి, బ్యాక్టీరియా కూడా బతికేది.

ఈ సందు ఎంత ఇరుకో అప్పుడు తెలిసింది. లోపం మోతాదులో కాదు, విడుదలలో ఉంది. పూత నూలు పైపైనే ఉండడంతో వెండంతా తొలిరోజే దూకేస్తోంది. ఆ రోజు కణాలకు చేటు, మర్నాటి నుంచి బ్యాక్టీరియాకు పండగ. పైగా గోదాములో వెలుతురు తగిలిన వైపు గుడ్డ గోధుమరంగుకు తిరిగింది. ఆ చుట్ట ఒకటి ఇంకా నా బీరువాలో ఉంది.

రెండో దారి: రొయ్య పెంకు

యజమాని పట్టుబట్టారు, నాకూ మనసు అటే ఉంది. కైటోసాన్‌ను ఒక శాతం ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి గుడ్డకు పట్టించాం. గుడ్డ గంజి పెట్టిన పంచెలా పెళపెళలాడింది. లెక్క పరీక్షలో 99.99 శాతం తగ్గుదల.

ఈ శాతాల గురించి ఒక పక్కమాట. 99.9 అంటే చాలా గొప్పగా వినిపిస్తుంది. 10 లక్షల బ్యాక్టీరియా ఉన్నచోట ఇంకా వెయ్యి మిగిలాయని దానర్థం. తిండి బాగా దొరికితే అవి అరగంటకోసారి రెట్టింపవుతాయి. పది రెట్టింపులకు, అంటే 5 గంటలకు, మళ్లీ మొదటికొస్తాయి. అందుకే ఏ గంట దగ్గర లెక్కపెట్టారో చెప్పని శాతాన్ని నేను ఇప్పుడు పట్టించుకోను.

అసలు కథకొద్దాం. వారం తర్వాత నమూనాల కవరు విప్పితే పులుపు వాసన గుప్పుమంది. ఊరగాయల్లో పోసే వెనిగర్ వాసన. కైటోసాన్‌లోని అమైన్లకు (నత్రజని ఉన్న గుంపులకు) పట్టుకుని ఆ ఆమ్లం ఇంకా గుడ్డలోనే ఉంది. మరి బ్యాక్టీరియాను చంపుతున్నది కైటోసానా, ఆమ్లమా? గుడ్డ వేసిన ద్రవం పీహెచ్ కొలిస్తే 5.4, అంటే ఆమ్లమే. అదే గుడ్డను 7.4 పీహెచ్ ఫాస్ఫేట్ బఫరులో రెండుసార్లు కడిగి, ఆరబెట్టి మళ్లీ పరీక్షిస్తే బ్యాక్టీరియా కాలనీలు ప్లేటంతా నిండిపోయాయి. మామూలు గాజుగుడ్డ ప్లేటుకూ దానికీ తేడా చెప్పడం కష్టమైంది.

ఇది కైటోసాన్ తప్పు కాదు, అడగరాని చోట దాన్ని పని అడిగింది మేం. దాని అమైన్లు ధనావేశంతో ఉన్నప్పుడే బ్యాక్టీరియా పొరను పట్టుకుని చీలుస్తాయి. ఆ అమైన్ల పీకేఏ, అంటే వాటిలో సగం ఆవేశంతో ఉండే పీహెచ్, 6.5కు అటూ ఇటుగా ఉంటుంది. పీహెచ్ 7.5 దగ్గర వాటిలో పదోవంతు కూడా ఆవేశంతో ఉండవు. మానని పుళ్ల పీహెచ్ సాధారణంగా 7.15 నుంచి 8.9 దాకా ఉంటుందని వైద్య సాహిత్యం చెబుతోంది. మాకు కావాల్సిన చోటే ఆయుధం మొద్దుబారుతోంది. రక్తం ఆపడంలో కైటోసాన్‌కు తిరుగులేదు, అమెరికా సైన్యం ఆ పనికే దాన్ని యుద్ధరంగంలో వాడింది. మాకు కావాల్సింది అది కాదు. ఇంకొక చిక్కు, రొయ్యలు పడనివాళ్ల సంగతి. శుద్ధి చేసిన కైటోసాన్‌లో ఆ ప్రోటీన్ మిగలకూడదు, కానీ మిగల్లేదని ప్రతి బ్యాచికీ చూపించాల్సింది మేమే.

యజమానికి ఈ మాట చెప్పడం కష్టమైంది. "మరి అందరూ పనిచేస్తుందని రాస్తున్నారే?" అన్నారు. రాసినవాళ్లు అబద్ధం చెప్పలేదండీ, పీహెచ్ ఎంతో కూడా రాశారు, మనమే అది చదవలేదు అన్నాను.

మధ్యలో పీహెచ్ఎంబీ అనే, క్రిములను చంపే రసాయనాన్ని కూడా ప్రయత్నించాం. దీన్ని పట్టించిన గాజుగుడ్డ విదేశాల్లో ఎప్పటినుంచో ఉంది, మంచి సరుకే. దీనితో నేర్చుకున్నది పరీక్ష గురించి. మొదటి ఫలితం సున్నా కాలనీలు, నమ్మబుద్ధి కానంత శుభ్రం. గుడ్డలోంచి కొట్టుకొచ్చిన రసాయనం లెక్కపెట్టే ప్లేటులోకి కూడా వెళ్లి అక్కడ చంపుతూనే ఉందని తర్వాత తేలింది. లెసిథిన్, ట్వీన్ 80 ఉన్న ద్రవంతో దాని పని ఆపి లెక్కపెడితే అసలు సంఖ్యలు బయటపడ్డాయి. వెండికైతే థయోగ్లైకొలేట్ కావాలి. ఇది ప్రాథమిక విషయమే, అయినా జారిపోయాం. వెండి గుడ్డ తొలి ఫలితాలను కూడా మళ్లీ చేసుకోవాల్సొచ్చింది.

డ్రెస్సింగ్ రూములో రెండు పొద్దులు

పది నెలలు గడిచాక, మొదటి రోజే వెళ్లాల్సిన చోటికి వెళ్లాను. తెలిసిన సర్జన్ గారి అనుమతితో, రోగులు సరేనన్నాక, ఓ మూల నిలబడి చూశాను.

ఒక పెద్దాయన. బొటనవేలి కింద పుండు. సిస్టర్ కట్టు విప్పుతోంది. పై పొరలు వచ్చేశాయి, చివరి గాజుగుడ్డ రాలేదు. రసి ఎండి, గుడ్డ కళ్లల్లోకి కొత్త కండ పెరిగి, రెండూ ఒకటైపోయాయి. సిరంజితో సెలైన్ చిమ్ముతూ, "ఓర్చుకో తాతా, అయిపోయింది" అంటూ అంగుళం అంగుళం లాగింది. గుడ్డతోపాటు ఎర్రటి పొర లేచి వచ్చింది, కింద రక్తం చెమర్చింది. నాలుగు రోజుల్లో పెరిగినదంతా నాలుగు నిమిషాల్లో పోయింది. షుగర్ వల్ల పాదం మొద్దుబారి పెద్దాయనకు పెద్దగా నొప్పి తెలియలేదు. అదే ఇంకా భయం వేసింది.

సర్జన్ గారు చేతులు కడుక్కుంటూ చెప్పారు: "లోపలికి పాకిన ఇన్‌ఫెక్షన్ మీ గుడ్డతో పోదు. అది నేను కోసి శుభ్రం చేయాలి, యాంటీబయాటిక్ ఇవ్వాలి, షుగర్ దించాలి, కాలి మీద బరువు పడకుండా చూడాలి. మీ కట్టు మూడు పనులు చేస్తే చాలు. అంటుకోకూడదు. రసి పట్టుకోవాలి. పట్టుకున్న రసిలో క్రిములు పెరగనీయకూడదు."

క్రిములను చంపడం ఆయన జాబితాలో మూడోది. మేం దాన్ని మొదటిది చేసుకుని, మొదటి రెండింటినీ చేతగాని గాజుగుడ్డకు వదిలేశాం. గుడ్డ మీద ఏ మందు పూసినా అది పుండుకు అంటుకుంటుంది, విప్పిన ప్రతిసారీ కొత్త చర్మాన్ని చీలుస్తుంది. పూత మార్చడం మానేసి పీచునే మార్చాలని ఆ రోజు తేలిపోయింది.

ఆల్జినేట్ వైపు

గోధుమరంగు సముద్రపు నాచులోంచి సోడియం ఆల్జినేట్ తీస్తారు. నీళ్లలో కరిగించి, సన్నటి రంధ్రాల్లోంచి కాల్షియం క్లోరైడు నీళ్లలోకి తోస్తే సోడియం పోయి కాల్షియం చేరి, అక్కడికక్కడే పీచుగా గట్టిపడుతుంది. ఈ పీచును పుండు మీద పెడితే ఇదే కథ వెనక్కి నడుస్తుంది. రసిలోని సోడియం లోపలికొస్తుంది, కాల్షియం బయటికి పోతుంది, పీచు ఉబ్బి జెల్ అవుతుంది. అంటుకోదు, రసిని పట్టుకుంటుంది. వెండి పూతను దెబ్బతీసిన అదే ఉప్పు ఇక్కడ మనకు పనిచేస్తుంది.

యజమానికి ఇది మింగుడుపడలేదు. "పుండు ఆరాలి కదా సార్, తడి ఉంచితే చీము పట్టదూ?" మన ఇళ్లల్లో అందరూ అనే మాటే. 1962లో జార్జ్ వింటర్ పందుల మీద చేసిన ప్రయోగం గురించి చెప్పాను. ప్లాస్టిక్ పొర కప్పి తడి నిలిపిన గాయాల మీద, గాలికి వదిలేసిన వాటికంటే దాదాపు రెండింతల వేగంగా పైచర్మం పెరిగింది. ఆయన సగం నమ్మారు. మిగతా సగం సర్జన్ గారు నమ్మించారు.

ఆల్జినేట్‌లో రెండు చక్కెర ముక్కలుంటాయి, జీ అనీ ఎమ్ అనీ అంటారు. జీ ఎక్కువుంటే పీచు కాల్షియాన్ని గట్టిగా పట్టుకుంటుంది, నెమ్మదిగా ఉబ్బుతుంది, తడిసినా ముక్కగా చేతికొస్తుంది. ఎమ్ ఎక్కువైతే త్వరగా మెత్తటి జెల్ అవుతుంది, కానీ తీసేటప్పుడు చెదిరిపోతుంది, కడగాల్సి వస్తుంది. పీల్చుకునే అంకెలు చూస్తే ఎమ్ రకమే ముందుంది. సిస్టర్ వేళ్లు గుర్తొచ్చి జీ రకం తీసుకున్నాం. ఒక్క ముక్కగా రావాలి, అదే నాకు ముఖ్యం.

తర్వాత బ్యాక్టీరియాను ఆపే భాగం. పీహెచ్ఎంబీని ఆల్జినేట్ ద్రావణంలో కలిపితే ఒకటి ధనావేశం, ఒకటి రుణావేశం కావడంతో విరిగిన పాలలా ముక్కలు కట్టింది. ఆ దారి అక్కడే మూసుకుంది. తయారైన పీచును సిల్వర్ నైట్రేట్‌లో నానబెడితే వెండి బాగా ఎక్కింది గానీ, కిటికీ దగ్గర నాలుగు రోజులకే టీ మరక రంగొచ్చింది. చివరికి నిలిచింది సిల్వర్ జిర్కోనియం ఫాస్ఫేట్ అనే తెల్లటి పొడి. దాని స్ఫటికాల గూళ్లలో వెండి అయాన్లు బందీగా ఉంటాయి, బయటి సోడియం లోపలికొస్తేనే ఒక్కొక్కటీ బయటికొస్తాయి. దీన్ని వడకడానికి ముందే ద్రావణంలో కలిపేస్తే వెండి పీచు పైన కాకుండా లోపలంతా పరుచుకుంటుంది. రసి తగిలేదాకా కదలదు. పీచు తెల్లగానే ఉంది.

వడకడం మిల్లులో కుదరదు. వేరేచోట ఒక చిన్న వెట్ స్పిన్నింగ్ లైను అద్దెకు తీసుకున్నాం. మొదటి రోజు 20 నిమిషాలకే ఫిల్టరు మూసుకుపోయింది. పొడి రేణువు ఒక మైక్రాన్ దగ్గరే ఉన్నా, జిగురు ద్రావణంలో నేరుగా వేసేసరికి ఉప్మారవ్వ ఉండలు కట్టినట్టు కట్టింది. ముందు పొడిని నీళ్లలో బాగా నూరి, పల్చటి ద్రావణంలో కలిపి, ఆ తర్వాత ఆల్జినేట్ చేర్చి, ఒక రాత్రంతా గాలి బుడగలు పోయేలా వదిలేస్తే లైను సాఫీగా నడిచింది. బుడగ ఉంటే అక్కడ పోగు తెగుతుంది. కడిగాక నేరుగా ఆరబెడితే పీచులు ఒకదానికొకటి అతుక్కుని చీపురుపుల్లల్లా అయ్యాయి. ఎసిటోన్‌తో నీటిని లాగేశాక విడివిడిగా వచ్చాయి. చేత్తో పట్టుకుంటే పట్టులా జారాయి. ఆ రోజు నాకు నిజంగానే ఆనందమేసింది.

మోతాదు నిర్ణయంలోనే ఈ కేసు మలుపు తిరిగింది. పీచంతటిలో వెండి తక్కువగా పెట్టడం ఒక దారి. వెండి ఉన్న పీచు కొంత, లేని పీచు కొంత తీసుకుని, దూది ఏకినట్టు కార్డింగ్‌లో కలపడం రెండోది. రెండోదే ఎంచుకున్నాం. కణ పరీక్షలో పడితే మొత్తం మళ్లీ వడకక్కర్లేదు, కలిపే పాళ్లు మారిస్తే సరిపోతుంది. ద్రావణం బ్యాచి ఒక్కటే ఉంటుంది, దాని నాణ్యత ఒక్కసారి తేల్చుకుంటే చాలు. మూడు పాళ్లు చేశాం. నీడిల్ పంచింగ్‌తో, అంటే సూదులతో పొడిచి పీచులను చిక్కేసి, చాపలుగా మార్చి అన్నిటినీ సీరం ఉన్న ద్రవంలోనే పరీక్షించాం. అదీ ఒక్కసారి కాదు. రోజూ కొత్త బ్యాక్టీరియా వేస్తూ మూడు రోజులు. స్టెఫైలోకాకస్ ఆరియస్, సూడోమోనాస్ ఎరుజినోసా రెండూ. రెండోది తప్పనిసరి, ఆకుపచ్చ చీము పట్టే పుళ్లలో ఉండేది అదే.

తక్కువ పాళ్లున్న చాప రెండోరోజుకే చేతులెత్తేసింది. మధ్యదీ ఎక్కువదీ మూడోరోజు దాకా నిలిచాయి. కణ పరీక్షలో మధ్యది నెగ్గింది, ఎక్కువది అంచు మీద నెగ్గింది. అంచు మీద నెగ్గినదాన్ని నేను ఎప్పుడూ తీసుకోను, బ్యాచి బ్యాచికీ తేడా ఉంటుంది. మధ్యది ఖాయమైంది. ఈఎన్ 13726 ప్రకారం, నమూనా బరువుకు 40 రెట్ల ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర అరగంట నానబెట్టి, 30 సెకన్లు వేలాడదీసి తూచితే తన బరువుకు పదిహేను రెట్లకు పైగా పట్టుకుంది.

స్టెరిలైజేషన్‌లో ఇంకో దెబ్బ. గామా కిరణాలైతే సులువు కదా అని 25 కిలోగ్రేల మోతాదు ఇప్పించాం. ఆ కిరణాలు ఆల్జినేట్ గొలుసులను తెంచుతాయని పుస్తకాల్లో చదివిందే. కానీ ఎంతగా తెంచుతాయో చూశాక గానీ తెలియలేదు: తడిపిన చాపను పటకారతో ఎత్తితే నడిమికి తెగి కింద పడింది. జీ రకం ఎంచుకుని సంపాదించుకున్నదంతా ఒక్క దఫాలో పోయింది. ఎథిలీన్ ఆక్సైడు వాయువుకు మారాం. దాని శేషం ఐఎస్ఓ 10993-7 హద్దులోపలికి దిగేదాకా గాలాడించే రోజులు పెరిగాయి, గాలి పోయే పౌచ్‌లు కావాల్సొచ్చి ఖర్చూ పెరిగింది.

మళ్లీ చేయాల్సి వస్తే

మొదటి వారం డ్రెస్సింగ్ రూములోనే గడుపుతాను. రెండో వారంలో సీరం కొంటాను. దూడ సీరం ఖరీదైనదే, కానీ పది నెలల జీతాలంత ఖరీదు కాదు. పూత పనిలో ఉన్న యంత్రమే నా ఆలోచనను నడిపించింది. మ్యాంగిల్ లేకపోతే బహుశా రెండో నెలలోనే పీచు దగ్గరికొచ్చేవాణ్ణి.

ఒక నిర్ణయం మాత్రం ఇప్పటికీ సరైనదే అనుకుంటున్నాను: సరుకును రెండుగా విడగొట్టడం. వెండి లేని ఆల్జినేట్ కట్టు ఒకటి, వెండి ఉన్నది ఒకటి. మెడికల్ డివైసెస్ రూల్స్ 2017 కింద వెండి చేరిన కట్టుకు చూపించాల్సిన ఆధారాలు ఎక్కువ, ఆ దారి పొడుగు. అంతకంటే ముఖ్యంగా, ప్రతి పుండుకూ వెండి అక్కర్లేదు. వెండి కట్లను రెండు వారాలు వాడి చూసి, ఆ తర్వాత అవసరమా కాదా అని మళ్లీ ఆలోచించుకోవాలని 2012లో అంతర్జాతీయ నిపుణుల బృందం చెప్పింది. శుభ్రంగా మానుతున్న పుండుకు వెండి పెట్టడం దండగ, కొత్త కణాలకు భారం కూడా. అసలు రసి లేని పొడి పుండుకైతే ఆల్జినేటే పనికిరాదు, అక్కడే ఎండి అంటుకుంటుంది. "రెంటిలో తక్కువ ధరది ముందు అమ్మమంటారా?" అని యజమాని నిట్టూర్చారు. అవునన్నాను.

వెండి ఉన్నదాని కాగితాలు ఇంకా నడుస్తున్నాయి. అది మనుషుల పుళ్ల మీద ఎలా పనిచేస్తుందో ఈ కేసు చెప్పదు.

వెండి లేనిది మాత్రం అనుమతులయ్యాక, ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్నాక, వాడకం ఎలా ఉందో చూడ్డానికి అదే డ్రెస్సింగ్ రూముకు వెళ్లింది. మూడో రోజు పొద్దున ఏడింటికి సిస్టర్ ఫోను. గొంతులో కంగారు. "సార్, కట్టు విప్పాను. పుండంతా చీము. పసుపుపచ్చగా, జిగటగా... అందరికీ ఇలాగే ఉంది. డాక్టరు గారిని పిలవమంటారా?"

పిలవమన్నాను. నేనూ బయల్దేరాను. మేం చేరేసరికి ఆవిడ సెలైన్‌తో కడిగి చూసింది. కింద పుండు ఎర్రగా, శుభ్రంగా ఉంది. చీమనుకున్నది రసి పీల్చి జెల్ అయిన మా పీచే. ఆ జెల్‌కు ఒకలాంటి వాసన కూడా ఉంటుంది. ల్యాబ్‌లో మేం వందసార్లు చూసినదే, కానీ ఆవిడకు ముందుగా చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. సర్జన్ గారు కోప్పడ్డారు, న్యాయంగానే.

ఆ సాయంత్రం పౌచ్ మీద వేయడానికి తెలుగులో రెండు వాక్యాలు రాశాను: "కట్టు విప్పినప్పుడు కనిపించే జెల్ చీము కాదు, సెలైన్‌తో కడిగి పుండును చూడండి. చుట్టూ ఎర్రబడినా, వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించండి." మర్నాడు సిస్టర్‌కు చూపిస్తే పెన్ను తీసుకుని "జెల్" కొట్టేసింది.

"ఇళ్లల్లో కట్టు కట్టేవాళ్లకు జెల్ అంటే తెలీదు సార్. సగ్గుబియ్యం జావలాంటిది అని రాయండి" అంది.

అలాగే అచ్చువేయించాం.